ఎంఎల్‌టీ ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తే మేలు? పెద్దాసుపత్రి, కార్పొరేట్, డయాగ్నొస్టిక్ సెంటర్, బ్లడ్ బ్యాంక్

థియరీ పరీక్షలు అయిపోగానే ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "నీకెక్కడ పడింది?" కొన్ని కాలేజీలకు సొంత ఆసుపత్రి ఉంటుంది, అక్కడ ఎంచుకునే పనే లేదు. కొన్ని కాలేజీలు రెండు మూడు ఆసుపత్రులతో ఒప్పందం పెట్టుకుని జాబితా చేతికిస్తాయి. మిగతావి "మీరే చూసుకుని లెటర్ తెచ్చుకోండి" అనేస్తాయి. జాబితాలోంచి ఎంచుకోగలిగినవాళ్లకీ, లెటర్ కోసం తిరుగుతున్నవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మామూలుగా అందరూ చూసేవి మూడు: స్టైపెండ్ ఇస్తారా, ఇంటికి దగ్గరేనా, బోర్డు మీద పేరు పెద్దదేనా. ఇవి పట్టించుకోవద్దని అనను. అద్దె కట్టేది మీరే, రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి బస్సెక్కేదీ మీరే. కానీ వీటికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ ల్యాబ్‌కి జబ్బున్న శాంపిళ్లు ఎన్ని రకాలు వస్తాయి? మీరు చదివిన స్లైడ్‌ని మీ తర్వాత ఎవరు చూసి, తప్పైతే తప్పని చెప్తారు? ఈ రెండింటికీ సరైన జవాబున్న చోటు గోడలకు పెచ్చులూడుతున్నా పర్లేదు. జవాబు లేని చోటు ఏసీ హాలైనా అక్కడ ఏడాది దండగే.

ముందు మీ కోర్సు సంగతి

ఇంటర్ వొకేషనల్‌లో ఎంఎల్‌టీ చదివినవాళ్లకు ఎంపిక తక్కువ. తెలంగాణలో 2024 సెప్టెంబరులో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అలాంటి పోస్టులకు వొకేషనల్ అభ్యర్థులు ఏడాది అప్రెంటిస్‌షిప్ గానీ, ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగ్ గానీ చేసి ఉండాలి. ప్రైవేటు ల్యాబ్‌లో నాలుగు డబ్బులు వస్తున్నాయని ఆ ఏడాదిని పక్కన పెడితే, తర్వాత అప్లికేషన్ దగ్గరే ఆగిపోతారు. వాళ్లకు నా సలహా ఒకటే: ముందు ప్రభుత్వ ఆసుపత్రి, మిగతావన్నీ తర్వాత.

డీఎంఎల్‌టీ (ఎంఎల్‌టీ డిప్లొమా) రెండేళ్ల కోర్సు, పారామెడికల్ బోర్డు కింద నడుస్తుంది. బీఎస్సీ ఎంఎల్‌టీ వాళ్లకు మూడేళ్ల చదువయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఏపీలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ యూనివర్సిటీ దీన్ని చూస్తాయి. వీటన్నిటి మీదా ఇప్పుడు 2021 నాటి కేంద్ర చట్టం ఒకటుంది, అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ పెట్టిన చట్టం. డిప్లొమాతో గానీ డిగ్రీతో గానీ చేసే అనుబంధ ఆరోగ్య వృత్తులకు కనీసం 2,000 గంటలు, డిగ్రీ తప్పనిసరైన హెల్త్‌కేర్ వృత్తులకు కనీసం 3,600 గంటల కోర్సు ఉండాలని అది నిర్వచనంలోనే రాసింది. ఇక నుంచి లెక్క గంటల్లో ఉంటుందన్నమాట. "నువ్వు రానక్కర్లేదు, సర్టిఫికెట్ మేమిస్తాం" అనే బేరం ఊళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. నీతి సంగతి అలా ఉంచండి. మొదటి ఉద్యోగంలో మొదటి వారం, పిల్లాడి చేతికి టూర్నికే (రక్తం తీసేముందు కట్టే పట్టీ) కట్టగానే ఆ సర్టిఫికెట్ విలువెంతో అక్కడున్న అందరికీ తెలిసిపోతుంది.

పెద్దాసుపత్రి

ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, కర్నూలు పెద్దాసుపత్రి. ఇలాంటి బోధనాసుపత్రిలో ఆర్నెల్లు ఉన్న ఇంటర్న్‌కి కనిపించే జబ్బులు బయట కొన్నేళ్లయినా కనిపించవు. ప్రైవేటు ల్యాబ్‌కి వచ్చే శాంపిళ్లలో చాలా భాగం మాస్టర్ హెల్త్ చెకప్‌లు, షుగర్, థైరాయిడ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం ఎన్ని వేల ట్యూబులు చూసినా కన్ను పదునెక్కదు. పెద్దాసుపత్రికి జనం వేరే దారి లేక, జబ్బు ముదిరాక వస్తారు. అక్కడ ఒక్క వర్షాకాలంలోనే డెంగీ ప్లేట్‌లెట్లు, మలేరియా స్మియర్లు (గాజు పలక మీద పరిచిన రక్తం), కీటోన్లు నిండిన మూత్రం, పసిపిల్లల సీఎస్ఎఫ్ (వెన్నులోంచి తీసే ద్రవం), ప్లూరల్ ఫ్లూయిడ్ (ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు), ఎప్పుడైనా పెరిఫెరల్ స్మియర్‌లో బ్లాస్ట్ కణాలు (రక్త క్యాన్సర్‌లో కనిపించే ముదరని కణాలు) అన్నీ వచ్చిపడతాయి. కేజీహెచ్ లాంటి చోట ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ కేసులు కూడా వస్తాయి.

పాముకాటు కేసునే చూడండి. కాజువాల్టీకి తీసుకొచ్చిన మనిషి నుంచి 2 మి.లీ. రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తం మీద పనిచేస్తోందని అర్థం, డాక్టరు యాంటీ వీనమ్‌కి సిద్ధమవుతాడు. దీనికి మెషీన్ అక్కర్లేదు. కానీ ప్లాస్టిక్ ట్యూబు వాడినా, డిటర్జెంట్ అంటిన ట్యూబు వాడినా ఫలితం తప్పొస్తుంది. ఇలాంటిది పుస్తకంలో ఒక్క లైను. కాజువాల్టీ ల్యాబ్‌లో, బయట బంధువులు ఏడుస్తుంటే గడియారం చూస్తూ కూర్చున్నవాళ్లకు మాత్రం జన్మలో మర్చిపోలేని పాఠం.

రక్తం తీయడం కూడా ఇక్కడే వస్తుంది. ఓపీ కలెక్షన్‌లో పొద్దున్నే బారులు తీరిన జనం, నీరసించి నరం దొరకని ముసలివాళ్లు, డయాలసిస్ పేషెంట్లు, గుక్కపట్టి ఏడ్చే పిల్లలు. ఏ చేతికి ఎటు నుంచి సూది పెట్టాలో వీళ్లందరి దగ్గరా నేర్చుకోవాల్సిందే. దీనికి ఇంకో దారి లేదు.

ఇక బాధలు. మొదటిది రద్దీ. ఒకే బెంచీ దగ్గర మీ బ్యాచ్, పక్క కాలేజీ బ్యాచ్, ఎంబీబీఎస్ పిల్లలు, పీజీలు ఉంటారు. మైక్రోస్కోప్ మీ వంతుకు వచ్చేసరికి ఓపీ అయిపోతుంది. రెండోది సరుకు. రీఏజెంట్ అయిపోయిందని పరీక్ష ఆగిపోవడం, మెషీన్ రిపేరుకు మనిషి రాకపోవడం కొన్ని చోట్ల మామూలే. మూడోది, గట్టిగా అడగని ఇంటర్న్‌ని శాంపిళ్లు మోసేవాడిగా, రిజిస్టర్ రాసేవాడిగా స్థిరపరిచేస్తారు. చేతిరాత బాగుంటే మరీ ప్రమాదం. నాలుగోది, క్యూసీ (మెషీన్, పరీక్ష సరిగా ఉన్నాయో లేదో చూసే క్వాలిటీ కంట్రోల్) క్రమం తప్పకుండా నడిపే అలవాటు అన్ని ప్రభుత్వ ల్యాబ్‌లలోనూ ఒకేలా ఉండదు.

అయినా నా ఓటు దీనికే, ఒక షరతు మీద. మొత్తం ఏడాది కాకుండా మొదటి సగం ఇక్కడ గడపాలి. మధ్యాహ్నం రెండు దాటాక ఓపీ జనం పోతారు. సీనియర్ ఎల్టీలకూ (ల్యాబ్ టెక్నీషియన్లకూ), పీజీలకూ కాస్త తీరిక దొరుకుతుంది. పొద్దున ఫైలులో పెట్టిన స్మియర్లు ముందేసుకుని కూర్చుంటే చెప్పేవాళ్లు అప్పుడు దొరుకుతారు. పంచ్ కొట్టి ఒంటిగంటకు వెళ్లిపోయేవాళ్లకు పెద్దాసుపత్రిలో దొరికేది రద్దీ ఒక్కటే.

జిల్లా, ఏరియా ఆసుపత్రి, పీహెచ్‌సీ

వీటిని జాబితా చివర రాయడం అందరికీ అలవాటు. రెండు నెలలకైతే ఇవి మంచివనే అంటాను. టీబీ కళ్లె పరీక్షలో స్లైడ్ నెగిటివ్ అనడానికి ఆయిల్ ఇమ్మర్షన్‌లో 100 ఫీల్డులు చూడాలి. ఫీల్డుకి పదికి పైగా బ్యాసిలై (టీబీ క్రిములు) ఉంటే 3 ప్లస్. ఈ ఓపిక కార్పొరేట్ ల్యాబ్‌లో ఎవరూ నేర్పరు, ఎందుకంటే అక్కడ ఈ పని అంత ఉండదు. ఇప్పుడు చాలా చోట్ల టీబీ క్రిమి జన్యువుని పట్టే ట్రూనాట్, సీబీనాట్ మెషీన్లు కూడా వచ్చాయి. పాడేరు, భద్రాచలం వైపైతే మలేరియా థిక్ స్మియర్లు, సికిల్ సెల్ స్క్రీనింగ్ ఉంటాయి. జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జులైలో మొదలయ్యాక ఈ స్క్రీనింగ్‌కి ఊపొచ్చింది. తెలంగాణలో 2018లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) దగ్గర మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతి వల్ల పీహెచ్‌సీలో తీసిన శాంపిల్ హబ్ ల్యాబ్‌కి వెళ్తుంది. దాంతో పీహెచ్‌సీలో చేసే పరీక్షలు తగ్గాయి, జిల్లా హబ్‌లో పెరిగాయి. కాబట్టి తెలంగాణ పిల్లలు పీహెచ్‌సీకి బదులు హబ్‌ని అడగడం మేలు.

పీహెచ్‌సీలో ఏడాదంతా మాత్రం వద్దు. ఉన్న ఒక్క ఎల్టీ సెలవు పెడితే మీరే ల్యాబ్. మీ రీడింగ్ చూసేవాళ్లు ఉండరు.

కార్పొరేట్ ఆసుపత్రి

ల్యాబ్ అంటే మెషీన్లు, రీఏజెంట్లే కాదు, ఒక క్రమం అని తెలిసేది ఇక్కడ. బార్‌కోడ్ అతికించిన నిమిషం నుంచి రిపోర్టు పోయే నిమిషం దాకా శాంపిల్ ఎక్కడుందో కంప్యూటర్ చెప్తుంది. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబైతే ఐఎస్ఓ 15189 అనే వైద్య ల్యాబ్‌ల ప్రమాణం ప్రకారం ప్రతి పనికీ రాతపూర్వక పద్ధతి ఉంటుంది. పొద్దున క్యూసీ నడపకుండా ఒక్క పేషెంట్ శాంపిల్ కూడా మెషీన్‌లోకి వెళ్లదు. రోజూ క్యూసీ ఫలితాలను చుక్కలుగా పెట్టే లెవీ-జెన్నింగ్స్ చార్టు మీద చుక్క గీత దాటితే ఎందుకు దాటిందో కనుక్కుని రాయాలి. ఆ చుక్కల్ని ఎలా చదవాలో చెప్పే వెస్ట్‌గార్డ్ రూల్స్ పరీక్ష కోసం బట్టీపట్టినవాళ్లకు అవి ఎందుకున్నాయో ఇక్కడ అర్థమవుతుంది. పొటాషియం ప్రమాదకరంగా వస్తే వార్డుకి ఫోన్ చేసి, అవతల ఎవరు విన్నారో, ఎన్ని గంటలకు విన్నారో రాసుకోవాలి. అంతకంటే ముందు ఆ శాంపిల్ హీమోలైజ్ అయిందేమో (ఎర్ర కణాలు చితికాయేమో), ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ట్యూబులోంచి ఎవరైనా కొంచెం వంచారేమో చూడాలి. ఈడీటీఏ కలిస్తే పొటాషియం అమాంతం పెరిగి, కాల్షియం పడిపోతుంది. లేని జబ్బు రిపోర్టులో కనిపిస్తుంది.

క్రిముల్ని పట్టే బాక్టెక్, వైటెక్ లాంటి కల్చర్ మెషీన్లు, తెల్ల కణాలను ఐదు రకాలుగా విడదీసి లెక్కపెట్టే సెల్ కౌంటర్లు, పెద్ద బయోకెమిస్ట్రీ ఎనలైజర్ల వంటివన్నీ రోజూ ఆగకుండా నడుస్తుండగా చూడాలంటే ఇదే చోటు.

మరి చిక్కెక్కడ? చూడనిస్తారు, ముట్టుకోనివ్వరు. చాలా కార్పొరేట్ ల్యాబ్‌లలో ఇంటర్న్‌కి మెషీన్ లాగిన్ ఇవ్వరు. అది వాళ్ల దృష్టిలో సబబే, తప్పు రిపోర్టు పోతే పేరు పోయేది వాళ్లది. కానీ నష్టం మీకు. నెలల తరబడి శాంపిల్ రిసీవింగ్‌లో బార్‌కోడ్ స్కాన్ చేస్తూ, సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులు పెడుతూ గడిపేసిన పిల్లలున్నారు. వాళ్ల సర్టిఫికెట్ మీద పేరు చూస్తే కళ్లు చెదురుతాయి, స్మియర్ లాగమంటే మాత్రం చెయ్యి వణుకుతుంది.

ఇంకో సంగతి. మెషీన్ చెప్పిందాన్ని అనుమానించడం ఇక్కడ మాత్రమే ఉన్నవాళ్లకు ఆలస్యంగా వస్తుంది. ప్లేట్‌లెట్లు ముప్పై వేలని కౌంటర్ చూపిస్తుంది. ఇంట్లో వాళ్లు డెంగీ అని హడలిపోతారు. స్మియర్ వేసి చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని కనిపిస్తాయి. కొందరి రక్తంలో ఈడీటీఏ వల్లే అలా అతుక్కుంటాయి. మెషీన్ గుంపుని ప్లేట్‌లెట్ అనుకోదు, లెక్కలోంచి తీసేస్తుంది. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి చూస్తే చాలావరకు లెక్క సరిపోతుంది. పెద్దాసుపత్రిలో చేత్తో లెక్కపెట్టడం నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడి మెషీన్‌ని బాగా వాడుకుంటారు. తిరగేసి వెళ్లినవాళ్లకు స్మియర్ వెయ్యడం పాతకాలపు పనిలా అనిపిస్తుంది. అందుకే కార్పొరేట్‌ని రెండో సగంలో పెట్టుకోమంటాను.

ఫీజు సంగతి కూడా అడగండి. కొన్ని చోట్ల ఇంటర్న్‌కే స్టైపెండ్ ఇస్తారు, కొన్ని చోట్ల మీ దగ్గరే ట్రైనింగ్ ఫీజు తీసుకుంటారు. ఫీజు తీసుకుని రొటేషన్ షెడ్యూల్ కాగితం మీద ఇవ్వని చోటికి వెళ్లొద్దు.

డయాగ్నొస్టిక్ సెంటర్లు

హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో గొలుసు ల్యాబ్‌లకు కొదవ లేదు. వీటిలో రెండు రకాలు. వీధి చివర ఉండే బ్రాంచి ఒకటి, అన్ని బ్రాంచీల శాంపిళ్లూ చేరే పెద్ద ల్యాబ్ ఇంకోటి. బ్రాంచిలో ఇంటర్న్‌షిప్ అంటే కలెక్షన్, బిల్లింగ్, కొరియర్ బాక్సు. పెద్ద ల్యాబ్‌లో హార్మోన్లు, అలర్జీ పరీక్షలు, పీసీఆర్ (జన్యు పరీక్ష), హెచ్‌పీఎల్‌సీ (రక్తంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) ఉంటాయి. కాకపోతే ఒక్కొక్కరిని ఒక్కో సెక్షన్‌లో కుదురుస్తారు. ఆ సెక్షన్‌లో నిపుణులవుతారు, పక్క సెక్షన్ ముఖం చూడరు. పేషెంట్ కూడా కనిపించడు కాబట్టి రిపోర్టుకీ మనిషికీ సంబంధం తెగిపోతుంది. ఎమ్మెస్సీ చేసి బయోకెమిస్ట్రీలోనో మాలిక్యులర్‌లోనో స్థిరపడాలనుకున్నవాళ్లకు ఇది మంచిదే. మిగతావాళ్లకు రెండు మూడు నెలలు చాలు.

హోమ్ కలెక్షన్ గురించి ముందే అడగాలి. పొద్దున ఆరింటికి బండి మీద బయల్దేరి అపార్ట్‌మెంట్లు తిరగడాన్ని కొన్ని సెంటర్లు ట్రైనింగ్ అంటాయి. నెల రోజులు చేస్తే చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత కూడా అదే పని చేయిస్తుంటే అది మీ పెట్రోలుతో వాళ్ల వ్యాపారం.

ఊళ్లో చిన్న ల్యాబ్

ఒక గది, ఒక సెమీ ఆటో ఎనలైజర్, ఒక త్రీ పార్ట్ కౌంటర్, పక్కనే మెడికల్ షాపు. యజమాని మంచివాడైతే పని చక్కగా నేర్పుతాడు, కాదనను. చాలామందికి మొదటి గురువు అలాంటివాడే. సెలవుల్లో వెళ్లండి, సాయంత్రాలు వెళ్లండి. కానీ ఇంటర్న్‌షిప్ ఏడాదిని అక్కడ పెట్టొద్దు. పాథాలజిస్ట్ వారానికోసారి కూడా రాకుండా సంతకం మాత్రం ముందే స్కాన్ చేసి ఉంచిన ల్యాబ్‌లు ఉన్నాయి. ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కేంద్రం నిబంధనలు కొంత మారాయి గానీ, ఇంటర్న్ సంతకం పెట్టొచ్చని ఏ నిబంధనా చెప్పలేదు. "డాక్టర్ గారు లేరు, నువ్వు పెట్టేసెయ్" అనే మాట వినపడితే ఆ రోజే బయటకు రండి.

బ్లడ్ బ్యాంక్

ఇది పూర్తి ఇంటర్న్‌షిప్ కాదు, కానీ ఒక నెల, వీలైతే రెండు నెలలు తప్పకుండా అడిగి వేయించుకోవాల్సిన చోటు. ఫార్వర్డ్, రివర్స్ గ్రూపింగ్ (రక్తం గ్రూపుని రెండు వైపుల నుంచీ తేల్చడం), క్రాస్ మ్యాచ్ (దాత రక్తం పేషెంట్‌కి సరిపడుతుందో చూడటం), దాతల రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు, రక్తాన్ని కాంపొనెంట్లుగా విడదీయడం, అన్నీ ఒకే గోడల మధ్య ఉంటాయి. రెడ్ సెల్స్ 2 నుంచి 6 డిగ్రీల్లో, ప్లేట్‌లెట్లు 20 నుంచి 24 డిగ్రీల్లో ఊపుతూ, ప్లాస్మా మైనస్ 30 కింద. ఒక్కటి తప్పినా బ్యాగు పారేయాలి. ల్యాబ్‌లో మిగతా పరీక్షల్లో తప్పు జరిగితే మళ్లీ చేసి సరిదిద్దుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. ఇక్కడ తప్పు గ్రూపు బ్యాగు పేషెంట్ నరంలోకి వెళ్లాక సరిదిద్దడానికి ఏమీ ఉండదు. అందుకే ట్యూబు మీద పేరు, నంబరు రెండుసార్లు చదివే అలవాటు ఇక్కడ ఎక్కినంత గట్టిగా ఇంకెక్కడా ఎక్కదు.

ఉద్యోగం కోణం కూడా ఉంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్‌గా చేరాలంటే ఎంఎల్‌టీ డిగ్రీ ఉన్నవాళ్లకు రక్త పరీక్షల్లో ఆర్నెల్ల అనుభవం, డిప్లొమా వాళ్లకు ఏడాది అనుభవం కావాలి. ఈ దారి మీద ఆశ ఉంటే, చేరేముందే ఆ బ్లడ్ బ్యాంక్ మీ నెలలను ఏ పేరుతో రాసిస్తుందో కనుక్కోండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ, రెడ్‌క్రాస్‌లోనూ పని ఎక్కువగా దొరుకుతుంది. చిన్న నర్సింగ్ హోమ్‌లో ఉండేది తరచు స్టోరేజీ సెంటర్ మాత్రమే, అక్కడ నేర్చుకోవడానికి ఫ్రిజ్ తప్ప ఏముండదు.

లెటర్ అడిగేముందు ఒక పూట వెళ్లి చూడండి

పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య వెళ్లండి. ఇన్‌ఛార్జితో మాట్లాడేముందు అక్కడ ఇప్పుడున్న ఇంటర్న్‌ని టీ తాగడానికి పిలవండి. నిన్న నువ్వేం చేశావని అడగండి. "అన్నీ నేర్పుతారు" అనే జవాబు పక్కన పెట్టి, నిన్నటి రోజు గంట గంటా చెప్పించుకోండి. అసలు సంగతి అందులో తెలుస్తుంది.

ల్యాబ్‌లోకి అడుగుపెట్టాక గోడ మీదో ఫైలులోనో ఈ నెల క్యూసీ చార్టు ఉందేమో చూడండి. బయటి నుంచి వచ్చే క్యూసీ శాంపిళ్లు, అంటే వేలూరు సీఎంసీ, ఢిల్లీ ఎయిమ్స్ లాంటివి నడిపే కార్యక్రమాల్లో చేరారేమో అడగండి. నాలుగు రంగుల చెత్త సంచుల్లో ఏది ఎక్కడ పడుతోందో గమనించండి. సూదులు తెల్ల డబ్బాలో కాకుండా ఎర్ర సంచిలో కనిపిస్తే అక్కడ క్రమశిక్షణ ఎంతుందో తెలిసిపోయినట్టే. స్మియర్ చదివే పాథాలజిస్టో, పీజీనో, సీనియర్ టెక్నీషియనో ఇంటర్న్ పక్కన కూర్చునే సమయం వారంలో ఎప్పుడని అడగండి.

అన్నిటికంటే నేను నమ్మే ప్రశ్న ఇంకోటుంది: "ఇక్కడ ఇంటర్న్‌కి సూది గుచ్చుకుంటే ఏం చేస్తారు?" సరైన ల్యాబ్‌లో తడుముకోకుండా జవాబు వస్తుంది. సబ్బు, నీళ్లతో కడుక్కోవాలి, ఎవరికి చెప్పాలో పేరుంది, రిజిస్టర్ ఉంది, సోర్స్ పేషెంట్ (ఆ సూది వాడిన పేషెంట్) రక్తం పరీక్షిస్తాం, హెచ్ఐవీ మందు అవసరమైతే కాజువాల్టీలో ఉంది. ఆ మందు మొదటి డోసు వీలైతే రెండు గంటల్లోపు పడాలి, 72 గంటలు దాటితే పనికిరాదు, 28 రోజులు వాడాలి. "అలాంటివేం జరగవులే" అన్నారంటే అక్కడ జరుగుతున్నాయి, ఎవరూ చెప్పుకోవట్లేదంతే. ఎక్కడికెళ్లినా హెపటైటిస్ బీ టీకా మాత్రం చేరేముందే మొదలుపెట్టండి. 0, 1, 6 నెలలకు మూడు డోసులు. ఆఖరి డోసయ్యాక యాంటీబాడీ టైటర్ 10 ఎంఐయూ/ఎంఎల్ దాటిందో లేదో చూపించుకుంటే టెన్షన్ ఉండదు.

ఎవరికి ఏది

ప్రభుత్వ ఉద్యోగం లక్ష్యమైతే బోధనాసుపత్రి ఎనిమిది నెలలు, జిల్లా ఆసుపత్రి లేదా హబ్ రెండు నెలలు, బ్లడ్ బ్యాంక్ రెండు నెలలు. పరీక్షలో అడిగే చాలా విషయాలు అక్కడ చేత్తో చేసినవే అవుతాయి.

హైదరాబాద్ కార్పొరేట్‌లో చేరాలనుకుంటే మొదటి ఐదారు నెలలు పెద్దాసుపత్రి, తర్వాత ఎన్ఏబీఎల్ ల్యాబ్. చివరి నెలల్లో మీరున్న ల్యాబే మిమ్మల్ని తీసుకునే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆ వరుస మార్చొద్దు.

గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్ల లెక్క వేరు. దుబాయ్, సౌదీ లాంటి చోట్ల లైసెన్సు కోసం డేటాఫ్లో అనే పరిశీలన కంపెనీ మీ సర్టిఫికెట్లను వాటిని ఇచ్చిన సంస్థకే రాసి సరిచూసుకుంటుంది. ఆ ల్యాబ్ మూతపడినా, మెయిల్‌కి జవాబివ్వకపోయినా మీ ఫైలు అక్కడే నిలుస్తుంది. అందుకే నిలకడగా ఉండే పెద్ద సంస్థ, అధికారిక మెయిల్, లెటర్‌హెడ్ మీద తేదీలతో సర్టిఫికెట్ చూసుకోవాలి. అమెరికా ఏఎస్‌సీపీ (పాథాలజిస్టుల సంఘం) ల్యాబ్ పనివాళ్లకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష మీద కన్నున్న బీఎస్సీ వాళ్లు హెమటాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బ్లడ్ బ్యాంక్, ఇమ్యునాలజీ, యూరిన్ పరీక్షలు అన్నీ విడివిడిగా, తేదీలతో రాయించుకోవాలి. "12 నెలలు ల్యాబ్‌లో శిక్షణ పొందారు" అన్న ఒక్క వాక్యం వాళ్లకు చాలదు. ఈ దారి వాళ్లకు మైక్రోబయాలజీ, బ్లడ్ బ్యాంక్ లేని డయాగ్నొస్టిక్ సెంటర్ ఎంత స్టైపెండ్ ఇచ్చినా పనికిరాదు.

శ్రీకాకుళం అమ్మాయి ఒకరికి విశాఖలో రెండు అవకాశాలు వచ్చాయనుకుందాం. ఒకటి స్టైపెండ్ లేని బోధనాసుపత్రి, రెండోది నెలకు కొంత ఇచ్చే డయాగ్నొస్టిక్ పెద్ద ల్యాబ్. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. ఇలాంటప్పుడు ఆసుపత్రే ఎంచుకో అని తేలిగ్గా చెప్పడం నాకిష్టం లేదు. ఆమెకు నేను చెప్పేది: యూనివర్సిటీ, కాలేజీ ఒప్పుకుంటాయేమో చూసి ఏడాదిని రెండుగా పంచమని రాతపూర్వకంగా అడుగు. ఒప్పుకోకపోతే డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లోనే చేరు, కానీ చేరేముందే మైక్రోబయాలజీ, హెమటాలజీ సెక్షన్లలో నెలలు ఇన్ని అని షెడ్యూల్ రాయించుకో. బ్లడ్ బ్యాంక్ ఒక నెల వేరే చోట వేయించుకో. డబ్బుకోసం వెళ్లడం తప్పు కాదు. షెడ్యూల్ లేకుండా వెళ్తే మాత్రం తప్పే.

ఇప్పటికే చేరిపోయి, చోటు బాగోలేదని తెలిసినవాళ్లు మొదటి నెలలోనే కదలాలి. మూడో నెల దాటాక కాలేజీ ఏదీ మార్చదు. ముందు ఇన్‌ఛార్జిని రొటేషన్ అడగండి, వారంలో తేలకపోతే కాలేజీ కో-ఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్‌తో సరిపెట్టొద్దు. మార్చలేమంటే సాయంత్రం కాజువాల్టీ ల్యాబ్ డ్యూటీ అడిగి వేయించుకోండి. పగలు పది మంది పోటీపడే పని అక్కడ మీ ఒక్కరికే దొరుకుతుంది. లాగ్ బుక్ మాత్రం వారం వారం సంతకం చేయించుకోండి. ఆఖరి నెలలో ఏడాదంతటికీ ఒకేసారి సంతకాలు పెట్టమంటే, అప్పటికి ఇన్‌ఛార్జి బదిలీ మీద ఇంకో జిల్లాకు వెళ్లిపోయి ఉంటారు.